ఉపాధ్యక్షుడు దొరికాడు

"దేశ ప్రజలారా, ధైర్యంగా ఉండండి. మనకు ఉపాధ్యక్షుడు దొరికాడు."

గురువారం మధ్యాహ్నం మూడింటికి ప్రభుత్వ టెలివిజన్‌లో ఈ ప్రకటన వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆ దొరికినాయన ముక్కుకు పౌడరు అద్దింది నేనే. ముప్పై ఏళ్లుగా అక్కడ మేకప్ పని నాది. కుళాయి కనెక్షన్ కోసం అర్జీ పెడితే నాలుగేళ్లు పట్టే మా రిపబ్లిక్‌లో, కేవలం నలభై నిమిషాల్లో ఒక ఉపాధ్యక్షుణ్ణి వెతికి, నియమించి, ప్రమాణం చేయించారు. ఇంతటి పాలనాదక్షతను కళ్లారా చూసిన అదృష్టం నాది. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు రెండింటికి ఫుట్‌బాల్ మ్యాచ్ లైవ్. ఇరవయ్యో నిమిషంలో, స్టేడియం నుంచి మాకు బొమ్మ పంపే కొండమీది టవర్ చెడిపోయి తెర నల్లబడింది. మా డైరెక్టర్ బషీర్ జాగ్రత్త గల మనిషి. పాట వేస్తే ఏ పాటకు ఎవరికి కోపం వస్తుందోనని, ఎవరూ తప్పుపట్టలేని ఖురాన్ పఠనం పెట్టించి కాఫీకి వెళ్లాడు.

మా దేశంలో మ్యాచ్ మధ్యలో పఠనం వచ్చిందంటే అర్థం ఒక్కటే. ప్రెసిడెంట్ పోయాడు. మా తాతల నాటి నుంచీ పఠనం ముందు వస్తుంది, ప్రకటన తర్వాత వస్తుంది. ఐదు నిమిషాల్లో రొట్టెల దుకాణాల ముందు జనం బారులు తీరారు. పది నిమిషాల్లో ఒక కల్నల్ ట్యాంకుతో వచ్చి మా గేటు ముందు ఆగాడు. ఆ వెనకే ఒక కారులోంచి ప్రధాన న్యాయమూర్తి ఇజ్జుద్దీన్ గారు, మత్స్యశాఖ మంత్రి మోంజీ గర్సల్లి గారు దిగారు. ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి.

బషీర్ కాఫీ కప్పుతోనే పరిగెత్తుకొచ్చాడు. "అయ్యా, ప్రెసిడెంట్ గారు పోయారని ఎవరు చెప్పారండీ?"

"అదేంటయ్యా, మీరే కదా చెప్పారు!" అన్నారు న్యాయమూర్తి.

"మేమా? మాది టవర్..." అని బషీర్ కిటికీలోంచి ట్యాంకును చూశాడు. "అవునండి. మేమే చెప్పామండి."

కనుక్కుందామంటే ప్రెసిడెంట్ సాలిమ్ జర్రూఖ్ గారు ఎడారిలో కౌజు పిట్టల వేటలో ఉన్నారు. పిట్టలు బెదురుతున్నాయని విడిదిలో ఫోను ఆయనే పీకించేశారు. రాజ్యాంగం ప్రకారం ప్రెసిడెంట్ పోతే ఆ కుర్చీ ఉపాధ్యక్షుడిది. వెనక ఒకడు నిలబడి చూస్తుంటే ముద్ద దిగదని జర్రూఖ్ గారు పదేళ్లుగా ఆ పోస్టు ఖాళీగా ఉంచారు. దాన్ని నింపే అధికారం ప్రెసిడెంట్‌కే ఉంది.

"పోయినాయన ఎలా నియమిస్తారండీ?" అన్నాడు బషీర్.

"పోకముందే నియమించారు. ఇవాళ పొద్దున." న్యాయమూర్తి సంచిలోంచి ఒక కాగితం తీశారు. అడుగున జర్రూఖ్ గారి సంతకం ఉంది, పైనంతా తెల్లగా ఉంది. పాలన ఆగకూడదని వేటకు వెళ్లేముందు ఆయన ఒక కట్ట కాగితాల మీద సంతకాలు పెట్టి వెళ్తారు. అంత ముందుచూపు ఎంతమందికి ఉంటుంది?

"పేరు ఎవరిది రాయమంటారు?" అన్నాడు బషీర్, కలం తీసి.

"నాది రాయి," అన్నారు మోంజీ గారు.

"అర్హత?"

"ఈయన్ని తీసుకొచ్చిన కారు నాదయ్యా!"

మూడింటికి ఉపాధ్యక్షుడిగా, మూడూ ఐదుకి ప్రెసిడెంట్‌గా మోంజీ గారు ప్రమాణం చేశారు. రెండు ప్రమాణాల మధ్య నా దగ్గరికి వచ్చి చెమట తుడిపించుకుంటూ, "అన్నా, ఒకవేళ ఆయన పోకపోతే?" అని గొణిగారు.

"ప్రెసిడెంట్ బతికుండగా కుర్చీ ఎక్కితే ఉరేనండి," అన్నాను.

ఆయనకు ముగ్గురు ఆడపిల్లలు, చిన్నదానికి ఇంకా పాలపళ్లు ఊడలేదు. నాకు నిజంగానే జాలేసింది.

ఐదింటికి ఒంటినిండా దుమ్ముతో, చేతిలో రెండు కౌజు పిట్టలతో జర్రూఖ్ గారు నా గదిలోకి వచ్చారు. తాను పోయిన సంగతి జీపులో రేడియో వింటే తెలిసిందట.

"ఎవడ్రా నన్ను చంపింది?"

మోంజీ గారు మెడలో టవల్‌తో నా కుర్చీలో అలాగే బిగుసుకుపోయారు.

"కల్నల్! వీణ్ణి పట్టుకెళ్లి ఉరి తీయండి!"

కల్నల్ ఇద్దరికీ చెరో సెల్యూట్ కొట్టాడు. "చిత్తం సార్. కాకపోతే ఆర్డరు ప్రెసిడెంట్ గారు ఇవ్వాలండి."

"మరి నేనెవర్నిరా?"

"టీవీలో మీరు పోయారండి. టీవీలో బతికితే చెప్పండి, ఈయన్ని క్షణంలో ఉరి తీయిస్తాను."

న్యాయంగానే ఉంది కాబట్టి జర్రూఖ్ గారు లైవ్‌కు ఒప్పుకుని నా ముందు కూర్చున్నారు. ఆ ముఖాన్ని తాకి ఆరేళ్లయింది. ముఖం జారిపోతోందని ఈ ఆరేళ్లూ బషీర్ పాత టేపులే కొత్త తేదీలతో వేస్తున్నాడు. అద్దంలో మోంజీ గారు నా వేళ్లకేసే చూస్తున్నారు. నేను నా విద్యంతా చూపించాను. ముడతలు పూడ్చాను, మీసానికి నల్లరంగు వేశాను. లేచేసరికి ఆయన పదిహేనేళ్లు చిన్నవాడయ్యారు. చూసుకుని ఎంతో మురిసిపోయారు.

"ప్రజలారా! నేను బతికే ఉన్నాను!" అని కెమెరా ముందు బల్ల గుద్ది ఇరవై నిమిషాలు గర్జించారు. ఫోన్లు మోగడం మొదలైంది. అందరూ వినేలా బషీర్ స్పీకరు పెట్టాడు.

"మీకు దండం పెడతాను బాబూ, ఈ పాతది ఆపి మ్యాచ్ ఏమైందో చెప్పండి," అన్నాడు ఓడరేవు నుంచి ఒకతను.

తర్వాత చరిత్ర ప్రొఫెసర్ ఒకాయన చేశాడు. "హత్యాయత్నం తప్పాక చేసిన ప్రసంగం కదండీ ఇది? ఆ మీసం చూడగానే ఏ సంవత్సరమో చెప్పేశాను."

మూడో ఫోను ప్యాలెస్ నుంచి. జర్రూఖ్ గారి భార్య జుహ్రా గారు.

"బషీర్, భలే రికార్డింగ్ వేశావయ్యా. పరామర్శకు వచ్చినవాళ్లంతా ఏడ్చారు. చివరి రోజుల్లో ఇలా ఎక్కడున్నారులే పాపం. నాకో కాపీ పంపించు."

జర్రూఖ్ గారు చేయి చాచి, ఏమనుకున్నారో, ఫోను ముట్టుకోకుండానే వెనక్కి తీసుకున్నారు.

కల్నల్ గొంతు సవరించుకున్నాడు. "రేపు జుమా నమాజు తర్వాత అంత్యక్రియలండి. తొమ్మిది దేశాల వాళ్లు వస్తున్నారు. పేటికలో పెట్టడానికి మా దగ్గర ఇంకా ఎవరూ లేరండి."

జర్రూఖ్ గారు మోంజీ గారి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, మొదటిసారి ఆయన్ని "గారు" అన్నారు.

"మోంజీ గారూ, మీరు పైకి వెళ్లాక ఉపాధ్యక్షుడి పోస్టులో ఎవరున్నారు?"

"ఎవరూ లేరండి. మూడూ ఐదు నుంచీ ఖాళీ."

"దేశానికి అది మంచిది కాదు," అన్నారు జర్రూఖ్ గారు.

"ప్రమాదం కూడా," అని న్యాయమూర్తి గ్రంథం తేవడానికి లేచారు.

కొత్త ఉపాధ్యక్షుడి ప్రమాణం ఏడింటికి, లైవ్‌లోనే. జర్రూఖ్ గారు మళ్లీ నా ముందు కూర్చుని మెల్లగా అన్నారు. "మరీ ఆ పోయినాయనలా కనిపించకుండా చూడు."

నేను ప్రత్యేకంగా ఏమీ చేయలేదు. తడిగుడ్డతో మేకప్ తుడిచి పంపాను.