నాలుగు పుల్లల నియమం

నాగరిక సమాజంలో ఎవరు ఎవరితో ఎంత చనువుగా ఉండాలో తేల్చడానికి పెద్దలుంటారు. సర్క్యూట్ బోర్డు మీద ప్యాడ్లు గ్రౌండుతో ఎంత చనువుగా ఉండాలో తేల్చడానికి భూసంబంధాల కమిటీ ఉంది. చక్రాల కుర్చీలకు మోటారు బోర్డులు తయారుచేసే ఆ సంస్థలో అంతకన్నా గౌరవనీయమైన కమిటీ మరొకటి లేదు. (భద్రతా కమిటీ ఉండేది. ఎవరికీ ఏమీ కాలేదు కదా అని దాన్ని ఇందులో కలిపేశారు.)

బోర్డు అడుగున వెడల్పాటి రాగి పొర ఒకటి ఉంటుంది. దాన్నే గ్రౌండు అంటారు. వాడుకున్న కరెంటంతా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి అదే. ఆ పొరను ఏ ప్యాడూ, అంటే విడిభాగాల కాళ్లను అతికించే ఏ రాగి బిళ్లా, ఒళ్లంతా ఆనించి తాకరాదన్నది కమిటీ మొదటి నియమం, చివరి నియమం కూడా. సైకిల్ చక్రానికి పుల్లలున్నట్టు, నాలుగంటే నాలుగు సన్నని రాగి పుల్లలతో, మర్యాదగా, ఎడంగా ఉండి తాకాలి. ఇందులో అర్థం లేకపోలేదు. ప్యాడు నిండుగా అతుక్కుని ఉంటే లోహాన్ని కరిగించి అతికించే సోల్డరింగ్ వేడినంతా రాగి పొర లాగేసుకుంటుంది. సోల్డర్ సరిగ్గా కరగక, అతుకు పైకి అతికినట్టే కనిపిస్తుంది కానీ అతకదు. చిన్నాచితకా ప్యాడ్లకు ఈ ఏర్పాటు బ్రహ్మాండంగా పనికొస్తుంది. అయితే కమిటీ దృష్టిలో ప్యాడ్లన్నీ సమానమే. సమానత్వం విషయంలో వాళ్లు మహా పట్టుదల మనుషులు.

బోర్డు గీసే డిజైనరమ్మకు చిక్కు ఇక్కడే వచ్చింది. బ్యాటరీ కరెంటు మొత్తం ఒక్క ప్యాడు మీదుగా పోతుంది. కుర్చీ ఎత్తు ఎక్కుతుంటే మోటారు లాగే కరెంటుకు ఆ నాలుగు పుల్లలూ మాడి మసైపోతాయని ఆమె లెక్కకట్టి చూసుకుంది. మాడితే మాడనీ, నా సొమ్మేం పోయింది అని ఊరుకునేదే. కానీ మొదటి కుర్చీ ఎక్కి నడిపి చూడబోయే మనిషి ఆమె సొంత మేనమామ. ఆయనను ఒప్పించిందీ ఆమే. ఆయన కాళ్లు పనిచేయడం మానేసి చాలా కాలమైంది, నోరు మాత్రం ఇద్దరి పెట్టు.

"నువ్వు చేసిన బండి కదే అమ్మడూ, కళ్లు మూసుకుని ఎక్కేస్తా," అన్నాడాయన. ఆ మాటతో ఆమెకు నిద్ర పట్టకుండా పోయింది.

ఆమె ఆ ఒక్క ప్యాడునూ గ్రౌండుకు నిండుగా కలిపేసింది. తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్ దానికి ఎర్రగుర్తు పెట్టి, ఊరుకోక, కమిటీకి కబురు కూడా పంపింది. (కిందటేడు ఉత్తమ ఉద్యోగి బహుమతి ఆ సాఫ్ట్‌వేర్‌కే ఇచ్చారు.)

కమిటీ ఛైర్మన్ గారు ఆమెను పిలిపించి, చాలా ఓపిగ్గా మాట్లాడారు.

"చూడమ్మా, ఇవాళ ఈ ప్యాడు నిండుగా అతుక్కుంటానంటుంది. రేపు పక్క ప్యాడు నేనేం తక్కువ తిన్నానా అంటుంది. దానికేం సమాధానం చెప్పను?"

"ప్యాడ్లు అడగవండీ. అడిగేది కరెంటు."

"కరెంటు దరఖాస్తు పెట్టుకుందా?"

"పెట్టదండీ. కాల్చేస్తుంది."

"అయితే కాలాకే రా. పుల్లల వల్ల కాలినట్టు రుజువైన ప్యాడుకు మినహాయింపు ఇవ్వొచ్చని నిబంధనలోనే ఉంది."

"కాలిపోయాక మినహాయింపు ఏం చేసుకోవాలండీ?"

"అది లబ్ధిదారు ఇష్టం," అన్నారు ఛైర్మన్ గారు ఉదారంగా.

డిజైనరమ్మ చివరి అస్త్రం తీసింది. బోర్డును కింద నుంచి ముందుగానే వేడిచేస్తే, ఎంత నిండుగా అతుక్కున్న ప్యాడు మీదైనా సోల్డర్ చక్కగా కరుగుతుంది. దానికోసం ప్రీహీటర్ అనే వేడి పలక సంస్థలో కొని పెట్టే ఉంది. "దాన్ని సోల్డరింగ్ విభాగానికి ఇప్పిస్తే చాలండీ," అంది.

గదిలో అందరి చూపులూ మూలకు తిరిగాయి. ప్రీహీటర్ అక్కడే ఉంది, దాని మీద కమిటీ సభ్యుల క్యారియర్లు హోదా ప్రకారం వరసగా వేడెక్కుతున్నాయి. అవి మాత్రం పుల్లల మీద నిలబడలేదు. అడుగంతా ఆనించి కూర్చున్నాయి.

"అది వేరే పరీక్షల్లో ఉందమ్మా," అన్నారు ఛైర్మన్ గారు.

సోల్డరింగ్ సూపర్‌వైజరు దగ్గరికి వెళ్తే ఆయన గొంతు తగ్గించాడు. "ఆ పలక ఇప్పిస్తే నాకేం అభ్యంతరం లేదమ్మా. నేనడిగానని మాత్రం చెప్పకు. ఇంతకుముందు అడిగినాయన ఇప్పుడు గోడౌన్లో అట్టపెట్టెలకు కాపలా ఉంటున్నాడు."

చివరికి కమిటీ మనసు కరిగింది. ప్రయోగాత్మకంగా ఐదో పుల్లను మంజూరు చేసింది. అయితే రాగి వాడకం పెరగకూడదు కాబట్టి, మిగతా నాలుగింటినీ ఆ మేరకు సన్నం చేయాలని షరతు పెట్టింది. బోర్డు అలాగే తయారైంది.

ఆ సాయంత్రమే ఆమె మేనమామ దగ్గరికి పరిగెత్తింది. "మావయ్యా, నువ్వు రావద్దు. ఆ బండి మీద నాకు నమ్మకం లేదు."

"ఈ తోపుడు కుర్చీలో గుమ్మం దాటాలన్నా ఎవరో ఒకరిని బతిమాలాలే. ఒక్కసారి, నా అంతట నేను ఎత్తెక్కి చూడాలని ఉంది. ఆగిపోతే ఆగిపోయింది, వెనక నువ్వుంటావుగా," అన్నాడాయన. ఆమెకు ఏడుపొచ్చింది. వద్దని మళ్లీ చెప్పలేకపోయింది.

సరుకులు దించే గేటు దగ్గరి వాలు మీద పరీక్ష పెట్టారు. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మీట నొక్కగానే కుర్చీ జోరుగా కదిలింది. ఆయన ముఖం వెలిగిపోయింది. వెనక ఎవరూ తోయడం లేదని రెండుసార్లు తిరిగి మరీ చూసుకున్నాడు. సగం ఎత్తు ఎక్కేసరికి కాలిన వాసన వచ్చింది. కుర్చీ ఆగి, వెనక్కి జారడం మొదలుపెట్టింది. (బ్రేకుల విషయం వేరే కమిటీది. అది ఇంకా సమావేశం కాలేదు.) వెనకే నడుస్తున్న డిజైనరమ్మ రెండు చేతులూ అడ్డంపెట్టి, భుజం ఆనించి నిలబడిపోయింది.

"పట్టుకున్నా మావయ్యా, భయపడకు!"

"నాకేం భయమే! కింద ఉంది నువ్వు, బరువు నేను," అన్నాడాయన. రెండు చేతులతో కుర్చీ అంచులను మాత్రం గట్టిగా పట్టుకున్నాడు.

కమిటీ సభ్యులు తీరిగ్గా వచ్చి చుట్టూ నిలబడ్డారు. కాళ్లు జారుతున్నా ఆమె అరిచింది. "కాలిందండీ! రుజువైంది! ఇప్పుడైనా మినహాయింపు ఇవ్వండి!"

ఛైర్మన్ గారు వంగి, సీటు కింది మూత తీయించి, టార్చి వేసి చూశారు. నిటారుగా లేచి, నిజంగానే బాధపడుతూ చెప్పారు.

"ఐదు పుల్లలూ తెగిపోయాయమ్మా. అంటే ఈ ప్యాడుకు ఇప్పుడు గ్రౌండుతో ఏ సంబంధమూ లేదు. సంబంధం లేని ప్యాడు మా పరిధిలోకి రాదు."

అప్పటికి భోజనాల వేళ అయింది. క్యారియర్లు చల్లారకముందే కమిటీ వెళ్లిపోయింది. సూపర్‌వైజరు వచ్చి చెయ్యి వేస్తే, ఇద్దరూ కలిసి కుర్చీని మెల్లగా కిందికి దించారు.

కుర్చీ వెనక్కి దొర్లిపోలేదు కనుక పరీక్ష విజయవంతమైందని మధ్యాహ్నం ప్రకటించారు. బోర్డులో మార్పేమీ అక్కర్లేదని, వాడేవారికిచ్చే సూచనల పుస్తకంలో ఒక్క వాక్యం చేరిస్తే సరిపోతుందని తీర్మానించారు. మొదటి ప్రతిని, శాలువాతో సహా, మావయ్యకే బహూకరించారు. అందులో కొత్తగా చేర్చిన వాక్యం ఇది: "ఎత్తు ఎదురైన చోట వినియోగదారుడు కుర్చీ దిగి, నడిచి ఎక్కవలెను."