ఎలుక బుర్రలో కొత్త నరం

ఆ ల్యాబులో కోత కోసేది ఒకరు, కోతలు కోసేది ఇంకొకరు. ఆ రెండోవాడే తొందరయ్య, అక్కడి పెద్ద ఆఫీసరు. "ఈ ఎలుక అయిపోనీ, కిటికీ పక్క బల్ల నీదే" అంటూ పద్దెనిమిదేళ్లుగా, ల్యాబంతా బాబాయి అని పిలిచే ఆ మొదటివాణ్ని ఫ్రీజరు మూలన కూర్చోబెట్టిన ఘనుడు. ఎలుక మెదడును ఉల్లిపొరకన్నా పల్చగా కోసి, వరుస తప్పకుండా గాజుపలకల మీద పరచడం బాబాయి పని. ఏ నరం ఎక్కడికి పోతుందో ఆ ముక్కల్ని చూసి కంప్యూటరు గీస్తుంది. ఆ మూలనున్న మసక వెలుతురులో బాబాయి కళ్లు సగం అరిగిపోయాయి.

ఆ ఉదయం ఎలుకకు చివరి పలక. మధ్యాహ్నానికి బల్ల మారాలని బాబాయి కళ్లజోడు డబ్బాతో సహా అన్నీ సర్దుకున్నాడు.

పదకొండింటికి కంప్యూటరు చూసే అమ్మాయి కేక పెట్టింది. "బాబాయ్! భయం పుట్టే చోటు నుంచి ఆకలి పుట్టే చోటికి తిన్నగా నరం!"

బాబాయి తెరకేసి కళ్లు చికిలించాడు. మొదట్లో తెలుపు, తర్వాత నలుపు, కొసన వంకర. పొద్దున అద్దంలో చూసిన సరుకే.

"నరమూ కాదు, నా తలకాయా కాదు. నా మీసంలో వెంట్రుకమ్మా అది."

అప్పటికే తొందరయ్య ఊడిపడ్డాడు. పది నిమిషాల్లో పై ఆఫీసుకు ఫోను వెళ్లింది. అరగంటలో పత్రికలవాళ్లు దిగారు. గంటలో ఆ నరానికి తొందరయ్య పేరు పెట్టేశారు.

"అయ్యా, అది నా మీసం..."

"మెలెయ్యవయ్యా, మెలెయ్! మనందరికీ గర్వకారణం!"

పై ఆఫీసు నుంచి వచ్చిన పెద్దాయన మాత్రం, "రెండో ఎలుకలో కూడా చూపించండి" అన్నాడు. బాబాయి మూతికి గుడ్డ కట్టుకుని కోశాడు. నరం లేదు.

"నీకు కళ్లు పోయాయి! ఇంటికి పో!" అని తొందరయ్య విరుచుకుపడ్డాడు.

ఉద్యోగానికే ఎసరు వచ్చేసరికి బాబాయికి తిక్కరేగింది. అందరి ముందూ గుడ్డ లాగేసి, మీసంలోంచి ఒకటి పీకి పలక మీద పెట్టాడు. కంప్యూటరు బుద్ధిగా నరం గీసింది.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. తొందరయ్య తడుముకోలేదు. "ఇది బయటపెట్టాలనే ఇంత నాటకం ఆడానండీ! ఇకమీదట కిటికీ దగ్గర కోత బంద్. గాలికి వెంట్రుకలు రాలతాయి."

"అది రాలింది గాలి లేని నా మూలలోనేగా అయ్యా?"

"గాలి లేనిచోటే రాలితే, గాలికి ఇంకెన్ని రాలతాయో ఆలోచించు!"

పెద్దాయన తలూపి సంతకం పెట్టాడు.

పీకిన వెంట్రుక రెండు నెలల్లో మళ్లీ మొలిచింది. నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పున్న ఆ కిటికీ పక్క బల్ల మాత్రం తొందరయ్య పూలకుండీల కింద ఉంది.