యాదలక్ష్మి నోటుబుక్కు పోయిన వైనం

"లోకంల నేరగాళ్లు ధైర్యంగ తిరుగుతున్నరంటే కారణం ఒక్కటే" అని ప్రకటించాడు బాలకృష్ణ, పళ్లు తోముకుంటూ. "నేను మోత్కూర్ల జిరాక్సు సెంటర్ల ఇరుక్కపోయిన."

అతని భార్య యాదలక్ష్మి "నా నోటుబుక్కు కనబడుతలేదు" అని పొరపాటున పైకి అనేసి, అప్పటికే నాలుక కరుచుకుని ఉంది. ఆమె బడిలో ఇంగ్లీషు చెబుతుంది. తీరిక దొరికినప్పుడల్లా ఇంగ్లీషు మాటలకు తనకు తోచిన అర్థాలు రాసుకుంటుంది. కమిటీ అంటే కమ్మని టీ తాగి లేచిపోయే జనం. కిచెన్ అంటే కీచులాటలు మొదలయ్యే చోటు. ఇంతవరకు ఎవరు చదివినా నష్టం లేదు. ఆ తర్వాతి పేజీల్లో హస్‌బెండ్ ఉన్నాడు, నాలుగు రకాలుగా. వెనకే మదర్ ఇన్ లా ఉంది: ఇంట్లో ఆమె మాటే లా, ఆమె చూపే ఆర్డర్. అది అత్తగారు మల్లమ్మ చెవిన పడితే ఇక ఆ ఇంట్లో తలెత్తుకుని అన్నం తినే రాత ఉండదు.

"అండ్ల ఏమున్నది?" అడిగాడు బాలకృష్ణ.

"ఏం లేదు. బడి సంగతులు."

"ఏం లేదన్నకాడనే అన్నీ ఉంటయ్." భూతద్దం తీశాడు. "పరీక్ష పేపర్లు. ఇది అంతర్ జిల్లా ముఠా పని."

యాదలక్ష్మి కాదనలేదు. అనుమానం ఎంత దూరం పోతే అంత మంచిది, ఇంటికి రాకుంటే చాలు. కాని పరిశోధన ఇంట్లోనే మొదలైంది.

"అమ్మా, నిన్న పొద్దుమీకి ఎక్కడున్నవ్?"

"గుంతల" అంది మల్లమ్మ, నేత నాడె ఆడించడం ఆపకుండా. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేయడం ఆమెకు నలభై ఏళ్ల అలవాటు.

బాలకృష్ణ రాసుకున్నాడు: అనుమానితురాలు గుంతలో దాగి ఉండెను.

"సాక్షి ఎవరన్న ఉన్నరా?"

"మగ్గమున్నది. అడుగు."

అంతలో నేసిన చీరలు తీసుకుపోయే బిక్షం వచ్చాడు. మల్లమ్మ గుంతలోంచి లేచి, మడతపెట్టిన పట్టుచీర అతని చేతికిచ్చింది. బాలకృష్ణ కళ్లు మెరిశాయి. సరిగ్గా ఈ రోజే, సరిగ్గా ఈ ఇంటికే ఇతనెందుకు రావాలి? బిక్షం ప్రతి శుక్రవారం వస్తాడన్న సంగతి అతనికి అడ్డు రాలేదు.

"కదలకు. నీ ఆట ముగిసింది, బిక్షం."

"ఏం ఆటనే అన్నా? నాకు తిరుమలగిరి బస్సున్నది."

నేరస్థుడి మీద నుంచి చూపు తిప్పకుండా బాలకృష్ణ ఒక అడుగు వెనక్కి వేశాడు. రెండో అడుగుకు నేల లేదు. గుంతలో పడుతూ పడుతూ బిక్షం చేతిలోని చీర కొంగు పట్టుకున్నాడు. చీర విచ్చుకుంది. మడతకొకటి చొప్పున నోటుబుక్కు కాగితాలు జలజలా రాలాయి.

"దొరికినయ్ సూడు" అంది గుంతలోంచి అతని గొంతు. "నేను కావాల్ననే పడ్డ."

మల్లమ్మకు ఇందులో వింతేమీ కనబడలేదు. "వార్తల పేపరు పెడితే పట్టుకు సిరా అంటుతది. అందుకే గా బుక్కు చింపి మడతలల్ల పెట్టిన. రాసుడైన బుక్కే గద, ఇంకేం పని?"

బాలకృష్ణ గుంతలో నిలబడే కాగితాలు ఏరి చదవసాగాడు. యాదలక్ష్మి గోడకు ఆనుకుంది.

"హస్‌బెండ్: తల్లి హుష్ అంటే బెండయ్యేవాడు." అతను జాలిగా తలూపాడు. "పాపం, ఎవని గురించోగని. గట్లాంటోళ్లు ఉంటరు."

"అరేయ్, అవి ఆడ పెట్టి పైకి రా" అంది మల్లమ్మ.

పెట్టి పైకి వచ్చాడు.

మదర్ ఇన్ లా కాగితం మాత్రం వాటిలో లేదు. యాదలక్ష్మి చీర దులిపి చూసింది, గుంతలోకి వంగి చూసింది. లేదు.

ముఠా జాడ కోసమని బాలకృష్ణ బిక్షం వెంట బస్టాండుకు పోయాక, మల్లమ్మ కోడలిని వంటింట్లోకి పిలిచింది. రొండిన దోపుకున్న కాగితం తీసింది.

"గిది చీరెల పెట్టలె. చింపేముందు పక్కింటి శ్రీలతతోని అన్నీ చదివించుకున్న."

యాదలక్ష్మి కాగితం అందుకోబోయింది. "అత్తమ్మా, అది ఊకెనే..."

"వాని గురించి నాలుగు రాస్తివి. నా గురించి ఒక్కటేనా?"

మల్లమ్మ పీట లాక్కుని కూర్చుంది.

"పెన్ను తే. మా అత్త సంగతి జెప్త, రాసుకో. ఒక్క బుక్కు సరిపోదు."