పీటా? వేటా?

టీ గంట మోగేలోపు మేనేజరును ఒప్పించి, నలభైమందికీ కూర్చునే ఎత్తు పీటలు సాధించుకురావాలని ఆ ఉదయం మైకన్న పథకం. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనంతా నిలబడే. పదేళ్లు నిలబడి, కార్మిక సంఘం కార్యదర్శి అయిన మైకన్న మోకాళ్లు చచ్చాయి. నొప్పి మాత్రలు బఠాణీల్లా నమిలేవాడు. నెల నుంచి చెవుల్లో కందిరీగలు కాపురం పెట్టాయి.

"ఆ మాత్రలు ఆపవయ్యా, చెవులు పోతాయి" అంది భార్య. ఆమెదీ అదే ఫ్యాక్టరీ.

"నేనెక్కడ యాత్రలు చేశానే, సెలవులు పోవడానికి?" అని ఎగిరాడు మైకన్న.

మేనేజరు ఎన్నడూ లేనిది, అడిగిందే తడవుగా దిగొచ్చాడు. "సరే. ఇవాళే అందరికీ పీటేస్తాం" అన్నాడు.

కందిరీగల మోతలో మైకన్నకు వినపడింది వేరు: "ఇవాళే అందరికీ వేటేస్తాం."

మేనేజరు గది ఉన్న మేడ దిగి ఆ మాటే అందరికీ అరిచి చెప్పాడు. రెండు నిమిషాల్లో మిషన్లన్నీ ఆగాయి. నలభై గొంతులు "వేటు వద్దు" అని మేడ కింద మోగాయి. ఎవరూ ఎందుకని అడగలేదు. ఉద్యోగం ఊడుతుందంటే అడిగే తీరికెక్కడ?

మేడమీద మేనేజరుకు పదేళ్లుగా తలనొప్పి, మైకన్న గొంతు పుణ్యమే. ఆయనా అవే మాత్రలు మింగుతాడు, ఆయన చెవుల్లోనూ అదే మోత. ఆయనకు "పీట వద్దు" అని వినపడింది. అడిగేదీ వీళ్లే, వద్దనేదీ వీళ్లే అని మండిపడి, తను ఫోను చేయగానే పక్కవీధి కొట్టు నుంచి గేటు దాకా వచ్చిన పీటల లారీని తిప్పి పంపమన్నాడు.

వెనక్కి మళ్లుతున్న లారీలోంచి పీటల కాళ్లు బయటికి పొడుచుకొచ్చి కనపడ్డాయి మైకన్న భార్యకు. ఆమె పరుగున పోయి లారీకి అడ్డం నిలబడింది. సిరా కుంచె తెప్పించి, అట్ట మీద ఒకవైపు "ఆయనన్నది పీట" అని రాసి మొగుడికి చూపించింది. తిప్పి, "మేమన్నది వేటు" అని రాసి మేడమీదికి చూపించింది. తర్వాత లారీలోంచి ఒక పీట దింపుకుని, నడివాకిట్లో కూర్చుంది.

మైకన్న, మేనేజరు అలవాటుగా జేబుల్లో చెయ్యి పెట్టారు. ఇద్దరి చేతుల్లోనూ ఒకే రకం మాత్రల అట్ట.

"ఇటివ్వండి ఇద్దరూ" అని చెయ్యి చాపిందామె. అది మాత్రం ఇద్దరికీ వినపడింది.

కూర్చుని పనిచేస్తే మోకాళ్లు తేరుకున్నాయి, డాక్టరు మందు మార్చాడు, కందిరీగలు ఇల్లు ఖాళీ చేశాయి. మొన్న మేనేజరు, ఎలాగూ కూర్చుంటున్నారు కదా, టీ విరామం తీసేద్దామని గుమాస్తా చెవిలో గొణిగాడు.

"తీసెయ్యండి, చూద్దాం" అన్నాడు గుమ్మం అవతలి నుంచి మైకన్న.

మేనేజరుకు మళ్లీ తలనొప్పి మొదలైంది.