తొమ్మిదో నంబరు బస్సు చరిత్రకెక్కిన విధం

తొమ్మిదో నంబరు బస్సు నడవడం మొదలై యాభై ఏళ్లయిన సందర్భంగా ఆ రూటు సమగ్ర చరిత్రను రాయించి ప్రజలకు అంకితం చేస్తామని రవాణా శాఖ మంత్రిగారు ప్రకటించారు. రాజులకు చరిత్ర ఉంది, యుద్ధాలకు ఉంది, బస్సులకు మాత్రం ఒట్టి టైంటేబుల్ ఉంది, ఈ అన్యాయాన్ని తమ ప్రభుత్వం సహించదని ఆయన అన్నారు. ఆ టైంటేబుల్ ఎక్కడుందని ఎవరూ అడగలేదు. పెద్ద మాటలు వింటున్నప్పుడు చిన్న ప్రశ్నలు వేయడం మర్యాద కాదు.

మా ఇల్లు ఆ రూటు మీదే, వీధి మలుపులో ఉంది. వంటింటి కిటికీ తెరిస్తే బస్సు కనిపిస్తుంది. కనిపిస్తుంది, అంతే. ఆగదు. మూడేళ్ల క్రితం సర్వీసు వేగం పెంచడానికి మా స్టాపు ఎత్తేశారు. దాంతో బస్సుకు రెండు నిమిషాలు కలిసొచ్చాయి. ఆ రెండు నిమిషాలూ అది చివరి స్టాపులో ఊరికే నిలబడి గడుపుతోంది.

మా అత్తగారికి మోకాళ్లు అరిగాయి. వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీకి వెళ్లాలి. క్రమం తప్పితే ఇక ఆపరేషనేనని చెప్పారు. బస్సు సరిగ్గా క్లినిక్ ముందు ఆగుతుంది. ఇటువైపు ఎక్కాలంటే మాత్రం కిలోమీటరు నడవాలి. కిలోమీటరు నడవగలిగితే ఆవిడకు ఫిజియోథెరపీ ఎందుకు? దారిలో మూడు ఇళ్ల అరుగుల మీద కూర్చుని లేచి వెళ్లేసరికి బస్సు పోయేది. వేరే బండి మాట్లాడతామంటే ఒప్పుకోరు.

"గుమ్మం ముందు నుంచి బస్సు పోతుంటే ఇంకో బండెక్కడమేమిటే అమ్మాయ్! ఎవరన్నా వింటే నవ్విపోతారు."

ఇలా ఉండగా మా వీధి పార్టీ కార్యకర్త ఒక ఆఫీసర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఈ కార్యకర్తను అందరూ మైకు అంటారు. అతనికి మైకు అవసరం లేదు కాబట్టి.

"పిన్నిగారూ! మీ అదృష్టం పండింది! వీరు చరిత్ర విభాగం స్పెషల్ ఆఫీసరు!" అని రెండు వీధులకు వినపడేలా మా అత్తగారికి పరిచయం చేశాడు.

ఆఫీసరు నమ్రతగా ఫైలు తెరిచారు. "మొదటి రోజు మొదటి ట్రిప్పులో ఎక్కినవాళ్లలో మీరొక్కరే మిగిలారని మా పరిశోధనలో తేలిందండీ."

"మిగలడమేమిటయ్యా, నిన్నటి కూరలాగా! ఉన్నాను."

"క్షమించాలి. ఈ రూటు ఎలా పుట్టిందో సెలవిస్తారా?"

"అప్పటి కౌన్సిలర్ భార్యకు పుట్టింటికి వెళ్లడానికి బస్సు లేదు. అలిగి పడుకుంది. వారం తిరక్కుండా బస్సొచ్చింది."

నేను కాఫీ అందిస్తూ ఆయన ఫైల్లోకి చూశాను. 'మహిళా సాధికారతే లక్ష్యంగా రూటు ప్రారంభం' అని రాసుకున్నారు. దస్తూరి ముత్యాలకోవలా ఉంది.

"మరి గిడ్డంగి దగ్గర ఆ పెద్ద వంపు?"

"కౌన్సిలర్‌కీ ఆయన తమ్ముడికీ పడేది కాదు. తమ్ముడి ఇంటి ముందు నుంచి బస్సు పోకూడదని ఊరంతా తిప్పించాడు."

'శబ్ద కాలుష్య నివారణకు తొలి అడుగు.'

"తర్వాత వచ్చినాయన తన ఇంటి వెనక నుంచి తిప్పించాడు. ముందు నుంచి తిప్పితే దుమ్మొస్తుందిట. వెనకనుంచైతే వంటమనిషి వేళకొస్తుందిట."

'కార్మిక సంక్షేమం.'

మా అత్తగారు కాళ్లు చాపుకుని సర్దుకుని కూర్చున్నారు. "ఇంత చెప్పించుకున్నావు కదా నాయనా, మరి మా మలుపులో బస్సు ఆపించు."

"డిమాండ్ ఉండాలండీ. సర్వే చేయాలి" అన్నారు ఆఫీసరు.

చేశారు కూడా. మాటంటే మాటే. ఇద్దరు ఉద్యోగులు మా ఇంట్లో కుర్చీలు అడిగి తీసుకుని, మలుపులో గొడుగు వేసుకుని మూడు రోజులు కూర్చున్నారు. మా మలుపులో ఎంతమంది బస్సెక్కుతున్నారో లెక్కపెట్టారు. ఎవరూ ఎక్కలేదు. మూడో రోజు సాయంత్రం కుర్చీలు తిరిగిచ్చేస్తూ, డిమాండ్ సున్నా అని తేల్చారు.

"బస్సు ఆగితే కదయ్యా ఎవరన్నా ఎక్కడానికి!" అన్నారు అత్తగారు.

"ఆగడం ఆపరేషన్స్ సెక్షనండీ. మాది ఎక్కడం సెక్షను."

దాంతో ఆవిడ చరిత్ర పుస్తకం ఆవిష్కరణ సభకు రానని కబురు పెట్టారు. మైకు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"మంత్రిగారు ఈ బస్సును చరిత్రకెక్కిస్తానంటుంటే మీరు కాదంటారేమిటి పిన్నిగారూ?"

"దాన్ని చరిత్రకెక్కించడం తర్వాత. ముందు నన్ను దాన్లోకి ఎక్కించమను."

"మీరు రాకపోతే పుస్తకానికి మొదటి పేజీ ఉండదు!"

"రెండో పేజీ నుంచి చదువుకోండి."

మంత్రిగారి విశాల హృదయం గురించి ఇక్కడ చెప్పుకోవాలి. విషయం తెలియగానే ఆయన మా మలుపుకు స్టాపు మంజూరు చేసేశారు. వారం తిరక్కుండా షెల్టరు లేచింది. నున్నటి రాతి బల్ల, నాలుగు లైట్లు, బస్సు కంటే పొడుగైన మంత్రిగారి ఫోటో. గురువారం పదకొండింటికి ప్రారంభం, బస్సు స్వయంగా విచ్చేస్తుందన్నారు. పన్నెండింటికి ఫిజియోథెరపీ. మా అత్తగారు రిపోర్టులూ తువ్వాలూ సంచిలో పెట్టుకుని, పదింటికే బల్ల మీద కూర్చున్నారు.

మంత్రిగారు తెర లాగారు. శిలాఫలకం మీద బంగారు రంగు అక్షరాలు: 'తొమ్మిదో నంబరు బస్సు ఇక్కడ ఆగేది.'

నేను ఆఫీసరు పక్కకు చేరాను. "ఆగేది అని చెక్కారేమిటండీ? ఆగుతుంది అని కదా ఉండాలి?"

"చరిత్ర కదండీ" అన్నారాయన ఓపిగ్గా, "భూతకాలంలోనే రాయాలి. ఇది స్మారక స్టాపు."

అంతలో బుడగలు కట్టుకుని బస్సు వచ్చి ఆగింది. మూడేళ్ల తర్వాత. మంత్రిగారు చేయి అందించగా మా అత్తగారు కడ్డీ పట్టుకుని, పళ్లు బిగించి ఎక్కారు. చప్పట్లు మోగాయి.

"కళ్లు మూసుకున్నారమ్మా, ఇంకోసారి ఎక్కండి" అన్నాడు ఫోటోగ్రాఫరు.

దిగి ఎక్కారు. ఈసారి మంత్రిగారి చేయి ఫోటోలో పడలేదు. మళ్లీ దిగి ఎక్కారు. మంత్రిగారికి మైకు తల అడ్డొచ్చింది.

"మైకు తల తీసేసి నన్ను పిలవండి" అన్నారు అత్తగారు, ఆయాసపడుతూ దిగి. నాలుగోసారి ఫోటో అద్భుతంగా వచ్చిందన్నారు.

ఆవిడ కిటికీ పక్క సీట్లో కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకున్నారు. కండక్టరు వచ్చి తలగోక్కున్నాడు.

"దిగాలి పెద్దమ్మా. మిషన్లో ఈ స్టాపు లేదు. టికెట్ రాదు."

"ఎక్కాను కదయ్యా! నాలుగుసార్లు ఎక్కాను!"

"నేను చూశాను పెద్దమ్మా. మిషను చూడలేదు."

చెరోవైపు పట్టుకుని సగౌరవంగా దింపారు. బస్సు ఖాళీగా వెళ్లిపోయింది. మంత్రిగారు బస్సుకు చేయి ఊపారు.

మేం ఇంట్లోకి వచ్చి ఆవిడ కాళ్లు ఎత్తు మీద పెట్టించేసరికి పన్నెండున్నర. ఫోన్ మోగింది. ఫిజియోథెరపిస్టు.

"ఇవాళ కూడా రాలేదేమండీ?"

"బస్సు దొరికిందండీ, ఉండనివ్వలేదు."

"సరే, ఈ పూటకు ఇంట్లోనే కానిద్దాం. ఎత్తయిన మెట్టు ఏదైనా చూసి ఎక్కించి దింపండి. మధ్యలో కూర్చోనివ్వకూడదు. నాలుగుసార్లు."

"అయిందండీ."

"నాలుగుసార్లూ? భేష్! వేరే ఎవరినైనా పెట్టుకున్నారా? ఎవరు చేయించారు?"

"మంత్రిగారండీ" అన్నాను.