వడమాలపేటలో వాకబు

ఆ బుధవారం మునిప్రసాద్ అనుకున్న పని చాలా చిన్నది. ఏడున్నర బస్సుకు కూతురు పవిత్రతో కలిసి తిరుపతి వెళ్ళాలి, వీసా కన్సల్టెన్సీలో మిగిలిన కాగితాలు ఇవ్వాలి, భోజనం వేళకు వడమాలపేట చేరుకోవాలి. దీనికంటే పెద్ద పని ఇంకొకటుంది. అది నోరు మూసుకుని ఉండటం. నలభై రోజులుగా అదే చేస్తున్నాడు పాపం.

పవిత్రకు న్యూజిలాండ్‌లో పై చదువుకు సీటు వచ్చింది. పండ్లు, పండ్లరసాలు చెడిపోకుండా నిల్వచేసే చదువు. మామిడి తోటను నమ్ముకుని బతికే ఆ వంశంలో పాస్‌పోర్టు చేతపట్టిన మొదటి మనిషి ఆ పిల్లే. ఇలాంటి కబురు కడుపులో పెట్టుకుని తిరగమంటే కన్నతండ్రి ప్రాణం ఎలా ఊరుకుంటుంది? టీ అంగడి ముందు నిలబడిన ప్రతిసారీ మాట నాలుక చివరిదాకా వచ్చేది. కానీ భార్య రాజశ్రీ మొదటిరోజే తేల్చి చెప్పేసింది.

"ఏమయ్యా, వీసా చేతికొచ్చేదాకా ఊర్లో ఒక్క నరమానవుడికి తెలియకూడదు. నరుడి దిష్టికి నల్లరాయైనా పగులుతాది. అసలే నీ నోట్లో నువ్వుగింజ నానదు. గమ్మునుండు."

ఉన్నాడు. ఉన్నాడు కాబట్టే ఇంత జరిగింది.

కన్సల్టెన్సీలో పవిత్ర ఫైలు చూసే అమ్మాయి పేరు నందిని. ఆమె ఆ రోజు కాగితాలు తీసుకుని ఒక హెచ్చరిక చేసింది. "అంకుల్, వెరిఫికేషన్ మొదలైంది. వీసా ఆఫీసువాళ్ళు ఫోన్ చేయొచ్చు, మనిషినైనా పంపొచ్చు. నిజంగా చదువుకోడానికే పోతా ఉందా, డిగ్రీ అయినాక ఏడాదంతా ఏం చేసింది, చదువైనాక తిరిగొస్తుందా, ఇవే అడుగుతారు. చెప్పే మాట కాగితాల్లో ఉన్నదానికి సరిపోవాల. ఒకసారి కాదన్నారంటే, రేపు ఏ దేశానికి పెట్టినా ఆ సంగతి రాసియ్యాల్సిందే."

"ఏడాదంతా బంగారుపాళ్యం మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో, ల్యాబ్‌లో పనిచేసింది పాప. సర్టిఫికెట్టుండాది. అబద్ధం చెప్పే అవసరం మాకేముండాదమ్మా?" అన్నాడు మునిప్రసాద్ ఛాతీ విరుచుకుని.

ఆ విరుచుకున్న ఛాతీ మీది జేబులోనే ఫోన్ మోగింది. ఊళ్ళో టీ అంగడి గోవిందు.

"అన్నా, పాప గురించి ఎవరో కారులో వచ్చి విచారించి పోయినాడు. తెల్లచొక్కా, సేతిలో ఫైలు. నువ్వేం దిగులుపడొద్దు, బ్రమ్మాండంగా చెప్పి పంపించినా!"

మునిప్రసాద్ ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాడు. "ఏం చెప్పినావప్పా?"

"వయసడిగినాడు. ఇరవై నాలుగంటే ముదురనుకుంటారని ఇరవై ఒకటే అన్నా. సదువు మీద ఆశుండాదా అన్నాడు. అబ్బే, పుస్తకం మొగమే సూడదు అన్నా. బయటి దేశం పోయే ఆలోచన ఏమన్నా ఉండాదా అన్నాడు. తిరుపతికే నాయన తోడు లేకుండా పోదు సామీ అన్నా. ఎట్లుండాది?"

"ఉద్యోగం గురించి అడగలేదా?"

"అడగకుండా ఇడుస్తాడా? మన టైలరు కృపామణక్క ఆడనే ఉండాది కాబట్టి సరిపోయింది. ఉద్యోగమూ లేదు గిద్యోగమూ లేదు, ఏడాదంతా నా దగ్గరే కుట్టుపని నేర్చుకునిందని చెప్పేసింది. హాస్టల్లో ఉండొచ్చిన పిల్లంటే కొందరికి పడదు గదన్నా! ఎవరి తరఫున వచ్చినావంటే నవ్వి ఊరుకున్నాడు. రేపు పొద్దున నీతోనే మాట్లాడతాడంట."

గోవిందును తప్పుపట్టడానికి లేదు. పెళ్ళికాని పిల్ల గురించి కారులో వచ్చిన కొత్త మనిషి అడిగితే వడమాలపేట లెక్కలో అది పెళ్ళి వాకబే. అలాంటప్పుడు ఊరంతా ఒక్క మాట మీద నిలబడి పిల్లను ఎత్తిపట్టుకోవాలి. వాళ్ళ ధర్మం వాళ్ళు చక్కగా నిర్వర్తించారు. ఆ వచ్చింది వీసా మనిషని వాళ్ళకు కలొస్తుందా?

మునిప్రసాద్ కన్సల్టెన్సీ మెట్ల మీదే కూలబడ్డాడు. కాగితాల్లో కష్టపడి చదివి, ఉద్యోగం చేసి, సముద్రాలు దాటబోతున్న పవిత్ర ఉంది. ఊళ్ళో వాళ్ళు చెప్పిన పవిత్ర గడప దాటకుండా జాకెట్లు కుడుతోంది. ఈ రెండూ ఒక్క పిల్లేనని ఏ ఆఫీసరు నమ్ముతాడు?

"అయిపాయె. నా చేతులారా నీ బతుకు చెడగొట్టినాను పాపా."

"లే నాయనా," అంది పవిత్ర, తండ్రి మోచేయి పట్టుకుని లేపుతూ. "రేపు మళ్ళీ వస్తాడంట కదా. ఊరోళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పేస్తాం. వాళ్ళే ఆయనకు చెప్తారు."

ఇంటికెళ్ళి సంగతి చెబితే రాజశ్రీ ఏదో అనబోయి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. వద్దనలేదు. అంతే, మునిప్రసాద్‌కు తాళ్ళు తెంపినట్టయింది. ఇంటింటికీ తిరిగి చెప్పాడు. సీటు సంగతి చెప్పాడు, ఫ్యాక్టరీలో వరసగా మూడు బ్యాచుల గుజ్జు ఎందుకు పులిసిపోయిందో పెద్ద ఇంజనీర్లకు అంతుపట్టకపోతే తన కూతురు ఎలా కనిపెట్టిందో చెప్పాడు. వెళ్ళింది భయంతో దిద్దుబాటు చేయడానికే గానీ, మూడో ఇంటికి చేరేసరికి ఆ సంగతి మరిచిపోయాడు. కృపామణి ఇంట్లో అయితే రెండుసార్లు చెప్పాడు.

"నలభై దినాలు నా టీ తాగుతా నాకు చెప్పలేదే!" అని గోవిందు మండిపడ్డాడు. ఆ వెంటనే తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. "మన పాపా? న్యూజిలాండా? రేపు ఆ మనిషిని రానీన్నా, నేను సూసుకుంటా."

ఈ మాటకే అసలు భయపడాల్సింది.

మరునాడు ఎనిమిదిన్నరకు కారు ఆగింది. తెల్లచొక్కా పెద్దమనిషి దిగీ దిగకముందే గోవిందు ఎదురెళ్ళి చేతులు జోడించాడు.

"సార్, నిన్న నేను చెప్పిందంతా పచ్చి అబద్ధం!"

పెద్దమనిషి ఒక కాలు కారులోనే ఉంచి ఆగిపోయాడు.

"పాపకు ఇరవై ఒకటి కాదు సార్, ఇరవై నాలుగు నిండినాయి. పుస్తకం పట్టిందంటే అన్నం కూడా అడగదు. వంటంటారా, పొయ్యి ఎట్ల ముట్టించల్లో కూడా తెలీదు!"

"నా దగ్గర కుట్టుపని నేర్చుకోనేలేదు సార్," అంది కృపామణి తోసుకొచ్చి. "గుండీ కూడా కుట్టలేదు. హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసింది. రాత్రి డ్యూటీలు కూడా చేసింది. ఒక్కతే బస్సులో వస్తుంది, పోతుంది. భయమంటే ఏందో ఎరగదు!"

"కావలిస్తే ఫ్యాక్టరీలో విచారించుకోండి," అని జనంలోంచి ఎవరో అరిచారు.

పెద్దమనిషి మొహంలో రంగులు మారాయి. మునిప్రసాద్ ఆయన్ని ఇంట్లోకి తీసుకెళ్ళి కుర్చీ వేసి, ఫైలంతా ముందు పరిచాడు. మార్కుల జాబితాలు, ఫ్యాక్టరీ సర్టిఫికెట్టు, సీటు ఉత్తరం. ఆయన ఒక్కొక్కటే తీసి నిదానంగా చదివాడు. ఊరు కిటికీల్లోంచి చూస్తోంది.

"రెండేండ్లు ఆడనే ఉంటాదా?" అన్నాడు చివరికి.

"ఉంటుంది సార్. చదువు కాగానే తిరిగొచ్చేస్తుంది. కాదనకండి సార్, మీ కాళ్ళు పట్టుకుంటా," అన్నాడు మునిప్రసాద్.

"నేను కాదనేదేందప్పా?" అన్నాడాయన అయోమయంగా. "నా పేరు జయచంద్ర. మాది పూతలపట్టు. మా అక్క కొడుకు కిరణ్‌కు పిల్లను చూస్తా ఉండాం. ఎవరో చెబితే విచారించిపోదామని వచ్చినాను." తన చేతిలోని ఫైలు తెరిచాడు. లోపల ఒక జాతకం, ఒక ఫోటో ఉన్నాయి.

కిటికీ దగ్గరున్న గోవిందు మెల్లగా తల కిందికి దించుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పవిత్ర ఫోన్ మోగింది. నందిని గొంతు గదంతా వినిపించింది. "పవిత్రా, వీసా వచ్చేసింది! మెయిల్ చూసుకో!"

"వెరిఫికేషన్ కాకుండానే ఎట్లొచ్చిందక్కా?"

"కాకపోవడమేంది? పోయిన శుక్రవారమే మీ అమ్మకు ఫోన్ చేసినారంట, నాకూ ఇప్పుడే తెలిసింది. నలభై నిమిషాలు మాట్లాడినారంటనే!"

అందరూ రాజశ్రీ వైపు తిరిగారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎవరో ఆయమ్మ తెలుగులోనే అడిగింది," అంది నేల చూపులు చూస్తూ. "ముక్కూ మొగం తెలియని మనిషి, ఆయమ్మ దిష్టి యాడ తగులుతాదిలే అని మొదలుపెట్టినా. నాకు మటుకు ఉండదా చెప్పుకోవాలని? ఆగలేకపోయినా. తిరిగొస్తాదా అని అడిగింది. రాకుండా యాడికి పోతాది తల్లీ, మామిడికాయను కొనే నాథుడు లేక వాళ్ళ నాయన రోడ్డు పక్కన పారబోసొచ్చిన నాడే, దీనికి దారి చూసేదాకా నేను ఊరుకోను అనింది నా బిడ్డ, దానికోసమే పోతా ఉండాది అని చెప్పినా. నిన్న మనిషొచ్చినాడంటే, నేను ఎక్కువ వాగినందుకే పంపించినారేమోనని నా గుండె జారిపోయింది."

మునిప్రసాద్ భార్యను చూశాడు. కోప్పడాలనే అనుకున్నాడు. కళ్ళలో నీళ్ళు అడ్డం వచ్చి కుదరలేదు.

జయచంద్ర కాగితాలన్నీ వరుసగా సర్ది మునిప్రసాద్ చేతికిచ్చి లేచాడు.

"నిన్న వీళ్ళు చెప్పిన పిల్లయితే మా ఇంట్లో అందరికీ నచ్చిందప్పా, రాత్రే మాట్లాడుకున్నాం. ఈ పొద్దు నేను చూసిన పిల్లకు మాత్రం మావాడు చాలడు." పవిత్ర వైపు తిరిగి, "పోయి రా తల్లీ. మాకూ ఎనిమిదెకరాల మామిడి తోట ఉండాది. నువ్వొచ్చేదాకా కాయను కాపాడుకుంటాం," అన్నాడు.

ఆ తర్వాత గోవిందు అంగడిలో ఊరందరికీ టీలు. మునిప్రసాద్ కొత్త చొక్కా తొడుక్కుని, గొంతు సవరించుకుని, ఇక దాచాల్సిన పని లేదు కదా అని వీధిలోకి వచ్చాడు. ఎదురైన మొదటి మనిషే, "తెలుసన్నా," అన్నాడు. రెండో మనిషి న్యూజిలాండ్‌లో ఇప్పుడు టైమెంతయిందో కూడా చెప్పాడు. కృపామణి అయితే పులిసిన మూడు బ్యాచుల కథ ఆయనకే తిరిగి వినిపించింది. ఊరు ఆ చివర నుంచి ఈ చివరిదాకా నడిచినా, కూతురి సంగతి తెలియని మనిషి ఒక్కడు దొరకలేదు.

పదకొండు గంటల బస్సుకు మునిప్రసాద్ పక్కనున్న పుత్తూరు వెళ్ళాడు. పుత్తూరులో ఆయనకు పనేమీ లేదు.