విలువల వారోత్సవంలో మా పిన్ని

లోకంలో నీతి అడుగంటిపోయిందని వాపోయేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. వాళ్ళెవరూ ఈ మధ్య బ్యాంకుకి వెళ్ళినట్టు లేరు!

మీ ఇంట్లో విలువలు ఎక్కడున్నాయో చూపించమంటే చూపించగలరా? తడుముకుంటారు. మా వీధి చివర బ్యాంకులో అయితే లోపల అడుగుపెట్టగానే ఎదురుగా గోడమీదే ఉంటాయి. నిజాయితీ, పారదర్శకత, కస్టమరే ముందు. అద్దాల ఫ్రేములో, చక్కటి లైటు కింద, పొద్దస్తమానం ఏసీలో! మనింట్లో విలువలంటారా, ఉక్కకీ చెమటకీ నాలుగు రోజుల్లో వాడిపోతాయి. ఏసీలో పెట్టినవి పాడవుతాయా? పైగా వాటి జోలికి ఎవరూ పోరు. తగిలించిన రోజు ఎలా ఉన్నాయో ఇవాళా అలాగే మెరుస్తున్నాయి.

అందుకే బ్యాంకుల్ని ఆడిపోసుకునేవాళ్ళతో నాకు పడదు. నీతి అనేది ఎంత మోతాదులో ఉండాలో వాళ్ళని చూసే నేర్చుకోవాలి. నమ్మకం కుదరడం లేదా? మా పిన్నికి జరిగింది వినండి.

మా పిన్ని డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. ఈ చుట్టుపక్కల స్టీరింగు పట్టినవాళ్ళలో సగం మంది ఆవిడ తిట్లు తిని బాగుపడినవాళ్ళే. చాలా ఏళ్ళు ఒకే కారుతో నెట్టుకొచ్చింది. ఆ కారు అద్దం దించాలంటే లోపల ఒకరు తిప్పాలి, బయట ఒకరు లాగాలి. చివరికి దాన్ని అమ్మేసి, దాచుకున్నదంతా కలిపి, కొత్త కారు బుక్ చేసింది. నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా బ్రేకు ఉండే కారు! అది రావడానికి మూడు నెలలు పడుతుందన్నారు షోరూమువాళ్ళు. అందాకా అద్దె కారుతో పాఠాలు చెబుతూ, డబ్బు తీసుకెళ్ళి బ్యాంకులో పెట్టింది.

అక్కడ కౌంటరు పక్కన ఒక అమ్మాయి కూర్చుని ఉంటుంది. రిలేషన్‌షిప్ ఆఫీసరట. చుట్టరికాలు చూసుకోవడానికి కూడా ఒక మనిషిని పెట్టిన సంస్థని మీరు ఇంకెక్కడైనా చూశారా? పిన్ని ఆ పిల్లకి మొదటిరోజే 'చిరునవ్వు' అని పేరు పెట్టేసింది.

"కూర్చోండమ్మా, ఎండలో వచ్చినట్టున్నారు. మంచినీళ్ళు తాగుతారా?"

రోజంతా ఊళ్ళో జనాన్ని తిట్టి తిట్టి గొంతు ఎండిపోయే మనిషికి ఆ మాట ఎంత హాయిగా ఉంటుందో ఆలోచించండి. పిన్ని అక్కడికక్కడే కరిగిపోయింది.

"మూడు నెలలు భద్రంగా ఉంటే చాలమ్మా. ఆ తర్వాత కారుకి కట్టాలి," అంది.

"భద్రంగానే ఉంటుందమ్మా. ఊరికే పడి ఉండే బదులు కాస్త పెరిగితే మంచిదేగా?"

"మూడు నెలలకి తీసుకోవచ్చుగా మరి?"

ఆ అమ్మాయి నవ్వింది. అంతే. ఔననలేదు, కాదనలేదు. చక్కగా నవ్వింది. చక్కటి నవ్వుకి 'కాదు' అని అర్థం చెప్పుకునేవాళ్ళు ఎవరుంటారు? పెన్సిలు టిక్కులు ఉన్నచోటల్లా పిన్ని సంతకాలు పెట్టి, పిల్ల బంగారం అనుకుంటూ ఇంటికొచ్చింది.

కారు చెప్పినదానికంటే ముందే వచ్చేసింది. షోరూమువాళ్ళు ఫోన్ చేశారు. పిన్ని డబ్బు కోసం బ్యాంకుకి వెళితే అప్పుడు బయటపడింది. ఆవిడ చేసింది డిపాజిట్ కాదు, ఇరవై ఏళ్ళ బీమా పాలసీ! అంతేకాదు, ఏటా మళ్ళీ అంత సొమ్మూ కడుతూ పోవాలి.

పిన్ని నెత్తీనోరూ కొట్టుకుంది కానీ, కాస్త నిదానంగా ఆలోచిస్తే ఇందులో బాధపడాల్సింది ఏముంది? ఆవిడకి అరవై దాటాయి. బీపీ ఉంది. మరో ఇరవై ఏళ్ళు ఢోకా లేదని ఏ డాక్టరైనా రాసిస్తాడా? బ్యాంకు రాసిచ్చింది, స్టాంపు వేసి మరీ! ఏటా ఆవిడ దగ్గర అంత డబ్బు ఉంటుందని మా చుట్టాల్లో ఎవరైనా నమ్ముతారా? పెళ్ళి ఖర్చులకి ఆవిడ చేబదులు అడిగినప్పుడు చూశాంగా ఎవరెంత నమ్మారో! ఆవిడ ఆయుష్షు మీదా, సంపాదన మీదా ఇంత గురి ఉన్నది ఒక్క బ్యాంకుకే.

ఈ మాటే ఫోనులో ఆవిడకి నచ్చజెప్పబోయాను. "నువ్వు రాస్తావుగా, మాట్లాడటం కూడా వచ్చేమో చూద్దాం, బయల్దేరు," అంది.

ఇద్దరం మేనేజర్ గదిలో కూర్చున్నాం. ఎంత మర్యాదస్థుడో! గొంతు పెంచలేదు, కుర్చీ వెనక్కి వాలలేదు.

"మేం అబద్ధం చెప్పలేదు మేడమ్. అన్నీ కాగితంలోనే ఉన్నాయి," అన్నాడు.

ఉన్నాయి. చీమలు వరస కట్టినట్టు ఉన్నాయి.

"మూడు నెలల్లో కావాలని నేను నోరు తెరిచి చెప్పానా లేదా?" అంది పిన్ని.

"ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు నైతికంగా మమ్మల్ని మేం ప్రశ్నించుకుంటాం మేడమ్. కస్టమర్ సంతకం ఉందా? ఉంటే ఇంక ప్రశ్నలుండవు. పైగా హెడ్డాఫీసు నుంచి ఫోన్ చేసి మిమ్మల్ని అడిగారు కూడా. రికార్డింగ్ ఉంది, వినిపిస్తాను."

వినిపించాడు. ఒక తియ్యటి గొంతు అడుగుతోంది: "పాలసీ వివరాలు మీకు పూర్తిగా అర్థమయ్యాయా మేడమ్?"

అద్దె కారులో, ఎవరికో పాఠం చెబుతూ మా పిన్ని: "ఆఁ, సరే సరే, పోనీ. ఇంకాస్త ముందుకి పోనీ."

"ఇరవై సంవత్సరాలు ప్రీమియం చెల్లించడం మీకు సమ్మతమేనా?"

"భయం దేనికి? నేనున్నాగా! అలాగే వెళ్ళు, వెళ్ళు."

"మధ్యలో ఆపితే నష్టం వస్తుందని తెలుసా మేడమ్?"

"ఆపు! ఆపమంటే వినవేం? బ్రేకు, బ్రేకు! నీ కాలికి బుద్ధుందా?"

"ధన్యవాదాలు మేడమ్, మీ రోజు శుభప్రదంగా గడవాలి."

మేనేజర్ చేతులు కట్టుకుని, చూశారా అన్నట్టు తలాడించాడు. స్పష్టమైన అంగీకారం కాక మరేమిటది? 'నేనున్నాగా' అని భరోసా కూడా ఇచ్చింది! పిన్ని నావైపు చూసింది. నేను సీలింగ్ ఫ్యాను వైపు చూశాను.

ఇంతలో ఆయన నన్ను గుర్తుపట్టాడు. "మీరు పత్రికలో రాస్తారు కదండీ! వచ్చేవారం మా నైతిక విలువల వారోత్సవం. ముఖ్య అతిథిగా మీరు రావాల్సిందే." నన్ను వంటింటి సింకు బాగుచేయించడానికి తప్ప ఎవరూ దేనికీ పిలవరు. వెంటనే ఒప్పేసుకున్నాను. "నేనూ వస్తా," అంది పిన్ని. "నా డబ్బుతో పెట్టే టిఫిను నేను తినకపోతే ఎలా?"

వారోత్సవం బ్యాంకు పై అంతస్తులో జరిగింది. బెలూన్లు, బ్యానరు, కెమెరాలు. ముందుగా ఉద్యోగులకి నీతి మీద క్విజ్. 'కస్టమర్‌కి నష్టం జరుగుతుందని తెలిస్తే మీరేం చేస్తారు?' లాంటి క్లిష్టమైన ప్రశ్నలు! అందరికీ నూటికి నూరు మార్కులు. ఒక్కరంటే ఒక్కరు తప్పు రాయలేదు. ఏది మంచో తెలియక చేస్తున్నారని ఇక ఎవరైనా వేలెత్తి చూపగలరా?

నేను ప్రసంగించాను. ఏసీ విషయం చెప్పాను, బాగా చప్పట్లు పడ్డాయి. తర్వాత బహుమతులు. ఆ నెలలో అందరికంటే ఎక్కువ పాలసీలు చేసినవాళ్ళకి 'విలువల తార' కప్పు. ఎవరికొచ్చిందంటారు? చిరునవ్వుకే!

పేరు పిలవగానే రెండో వరసలో అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మా పిన్ని. కేకు ప్లేటు ఒళ్ళో పెట్టుకుని మరీ కొట్టింది. ఎందుకంటారా? పాపం ఆ పిల్లకేం తెలుసు, పైవాళ్ళు చెప్పింది చేసుంటుంది, మోసం చేసింది మేనేజరే అని ఆవిడ గట్టి నమ్మకం.

ఆ అమ్మాయి కప్పు అందుకుంది. మైకు దగ్గర నిలబడి, మీ విజయ రహస్యం చెప్పమంటే నోరు తెరవబోయి, ఆ చప్పట్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయా అని చూసింది. పిన్ని కనపడింది. మొహంలో నవ్వు అలాగే ఆరిపోయింది.

"ఆవిడ మూడు నెలల్లో కావాలన్నారు," అంది. "నాకు వినపడింది. ఆ నెల టార్గెట్‌కి ఒక్క పాలసీ తక్కువైంది. అందుకని నవ్వి ఊరుకున్నాను."

మేనేజర్ ఒక్క గెంతు గెంతి లేచాడు. "రోల్ ప్లే! అద్భుతమైన నటన!" అని చప్పట్లు మొదలుపెట్టాడు. అందరూ అందుకున్నారు.

"రోల్ ప్లే కాదు సార్." ఆ అమ్మాయి మైకు వదల్లేదు. "అమ్మా, ఆ పాలసీ వద్దనుకుంటే కాగితాలు అందిన నెలలోపు తిరిగిచ్చేయొచ్చు. డబ్బు వెనక్కి ఇస్తారు. మీకు ఇంకా రెండు రోజులు గడువుంది."

పిన్ని ప్లేటు కింద పెట్టి లేచి నిలబడింది. "మొన్న గంటసేపు కూర్చున్నానే, మీ మేనేజర్ గారికి ఈ సంగతి తెలీదా?"

"తెలుసమ్మా."

హెడ్డాఫీసు నుంచి వచ్చిన పెద్దాయన మేనేజర్‌ని చూశాడు, కెమెరాలని చూశాడు. కెమెరాలే పెద్దవనిపించాయి కాబోలు, "కస్టమరే ముందు!" అని గట్టిగా ప్రకటించాడు. ఆ వారంలోనే పిన్ని డబ్బు కాస్త తరుగుతో వెనక్కి వచ్చింది. కారూ వచ్చింది.

ఇక్కడితో కథ అయిపోయిందనుకుంటున్నారా? బ్యాంకువాళ్ళ నీతి అంత తేలిగ్గా వదిలేది కాదు!

ఆ అమ్మాయి మీద నైతిక విలువల కమిటీ విచారణ పెట్టింది. పిన్నికి పాలసీ అంటగట్టినందుకు అనుకునేరు! ఛఛ, దానికి కప్పు ఇచ్చాక మళ్ళీ శిక్ష ఎలా వేస్తారు? కస్టమర్ ఖాతా సంగతులు నలుగురిలో బయటపెట్టడం గోప్యతా నియమానికి విరుద్ధం. అదే నేరం. పిన్ని ఊరుకోలేక కమిటీ ముందుకి వెళ్ళింది.

"సంగతులు నావి. నాకే చెప్పింది. నాకేం అభ్యంతరం లేదు."

"అభ్యంతరం మీకు ఉండక్కర్లేదు మేడమ్, మాకుంది," అన్నారు వాళ్ళు.

చిరునవ్వు ఉద్యోగం పోయింది. మేనేజర్‌కి ప్రమోషన్ వచ్చింది, ఇంకా పెద్ద బ్రాంచికి వేశారు. నవ్వినందుకు కప్పు, నోరు విప్పినందుకు నోటీసు. ఇంత నిక్కచ్చిగా లెక్క తేల్చే సంస్థ మరొకటి ఉంటుందా?

పిన్ని వెతుక్కుంటూ ఆ పిల్ల అద్దె గదికి వెళ్ళింది. గ్యాసు పొయ్యి, రెండు సూట్‌కేసులు, చెల్లెలి కాలేజీ పుస్తకాలు. కుర్చీ ఒక్కటే ఉంటే పిన్నిని అందులో కూర్చోబెట్టి తను గడపలో నిలబడింది.

"ఎందుకు చెప్పావే? ఉద్యోగం పోతుందని తెలీదా?"

"తెలుసమ్మా."

"మరి?"

"మీరు తిట్టుంటే చెప్పేదాన్ని కాదు. తిట్లు మాకు అలవాటే. మీరు చప్పట్లు కొట్టారు."

రోజూ ఊరందర్నీ తిట్టే మా పిన్ని లేచి చెప్పులు వేసుకుందట. రేపు పొద్దున ఆరింటికల్లా రా, డ్రైవింగ్ నేర్పిస్తాను, ఫీజు లేదు అని మాత్రం చెప్పి వచ్చేసింది. ఆ అమ్మాయి వస్తోంది. క్లచ్చు ఇంకా తిన్నగా వదలడం రాలేదు, కావలసినన్ని తిట్లు తింటోంది. మిగతా పొద్దంతా ఉద్యోగాల వేట. పాత ఉద్యోగం ఎందుకు మానేశారని అడిగినచోటల్లా ఉన్నదున్నట్టు చెబుతుంది. ఫోన్ చేస్తామంటారు. నెలలు గడుస్తున్నాయి, ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు.

మొన్న చిన్న పనుండి పిన్నీ నేనూ మళ్ళీ ఆ బ్యాంకుకి వెళ్ళాం. చిరునవ్వు కుర్చీలో నున్నగా గడ్డం గీసుకున్న కుర్రాఫీసరు ఉన్నాడు. మమ్మల్ని చూడగానే కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇమ్మంటారా అన్నాడు.

"నీళ్ళు తర్వాత బాబూ. ఇక్కడ ఒక అమ్మాయి ఉండేది. ఆ పిల్లని ఎందుకు తీసేశారు?" అంది పిన్ని.

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఏం లేదమ్మా. ఆవిడకీ బ్యాంకుకీ వాల్యూస్ కుదరలేదు."

ఆ బ్యాంకు తరఫున మాట్లాడినవాళ్ళ నోట ఇంత పచ్చి నిజం నేనింతవరకూ వినలేదు!